ఆ ఇద్దరి పాటల క్యాసెట్టు

మా అమ్మ గొంతు నాకు గుర్తులేదు. ముఖం గుర్తుంది, అదీ ఫోటో ఉంది కాబట్టి. నాకు నలభై ఏళ్ళొచ్చాయి. పన్నెండేళ్ళుగా కువైట్‌లో, అమ్మ పనిచేసిన ఇంట్లోనే పనిచేస్తున్నాను. ఆమె నిలబడ్డ పొయ్యి దగ్గరే నిలబడి, ఆమె తోమిన గిన్నెలే తోమాను. అయినా ఆమె నన్ను రమణీ అని పిలిస్తే ఎలా ఉండేదో, ఎంత తన్నుకున్నా గుర్తుకు రాదు.

ఆ గొంతును తుడిచేసింది మేమే. పరాయివాళ్ళను తిట్టుకుందామన్నా ఎవరూ లేరు. తొంభై రెండులో, యుద్ధం అయిపోయి కువైట్ తెరిచాక, మా అమ్మ, పేరు చిన్నక్క, పుల్లంపేట పక్కన మా ఊరి నుంచి ఈ దేశానికి వచ్చింది. నాకు ఆరేళ్ళు, మా తమ్ముడు పెంచల్‌కు ఏడాది. మా నాయన సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. మమ్మల్ని అవ్వ సాకింది. ఊళ్ళో ఫోను లేదు, అమ్మకు చదువు లేదు. అందుకని అందరిలాగే క్యాసెట్టులో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేది.

ఆ క్యాసెట్టు కొత్తది కాదు. ఆ ఇంటి యజమానురాలి కూతురు దలాల్‌ది. ఇక్కడ యజమానురాలిని మామా అంటాం. అప్పుడు ఆ పిల్లకు పదిహేనేళ్ళుంటాయేమో. వాళ్ళ నాన్న లండన్ నుంచి తెచ్చిన పాటల క్యాసెట్టు అది. ఇద్దరు ఇంగ్లీషు మగాళ్ళు, తబలా లేదు, డోలు లేదు, అంతా కరెంటు వాయిద్యాల మీదే పాడినవి. ఏళ్ళతరబడి పాడినవాటిలో బాగా ఆడిన పాటలన్నీ ఏరి ఒక్కచోట వేశారు. దలాల్‌కు తర్వాత అవే పాటలు సీడీలో దొరికితే, క్యాసెట్టు మా అమ్మకిచ్చేసింది. మళ్ళీ రికార్డయ్యేలా అమ్మ ఒకవైపు బొక్కకు ప్లాస్టరు అంటించి, ఆ వైపు పాటల మీద మాట్లాడింది. రెండోవైపు పాటలు మేము వింటామని అలాగే ఉంచింది.

టేపురికార్డరు ఉన్నది మా పక్కింటి బుడేన్‌బీకి. ఆమె మొగుడు సౌదీలో ఉండేవాడు. అమ్మ క్యాసెట్టు వస్తే అందరం ఆమె వాకిట్లో కూర్చుని మూడుసార్లు వినేవాళ్ళం. ఏడ్చేవాళ్ళు ఏడ్చేవాళ్ళు. తర్వాత అదే వైపు మళ్ళీ మొదటికి తిప్పి, అమ్మ మాటల మీదే మా జవాబు చెప్పి పంపేవాళ్ళం. ఎర్రమీట, దాని పక్కమీట కలిపి నొక్కడం నా పని. అక్కడ అమ్మ అది విని, మా మాటల మీద మళ్ళీ తన మాటలు చెప్పేది. ఒక్క క్యాసెట్టు రెండేళ్ళు అలా తిరిగింది. ఇంకోటి కొనుక్కోలేదా అని ఇప్పుడు పెంచల్ పిల్లలు అడుగుతారు. ఎవరికి తట్టింది? జవాబు పంపితే అయిపోయింది, గొంతు దాచుకోవడం ఏమిటి, మనిషే వస్తుంది కదా అనుకున్నాం.

ఇక ఆ ఇద్దరి సంగతి. క్యాసెట్టు డబ్బా మీద వాళ్ళ బొమ్మ ఉండేది. ఒకడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాడు. ఇంకొకడు ఎవరో అప్పు అడిగినట్టు మూతి ముడుచుకుని చూస్తున్నాడు. అమ్మ పనిచేసే ఇంటి యజమానులు వీళ్ళేనని నేను అనుకున్నాను. అనుకోక ఏం చేస్తాను? కువైట్ నుంచి అమ్మ పంపిన డబ్బా, దాని మీద ఇద్దరు మగాళ్ళు, లోపల ఒకవైపు అమ్మ, ఇంకోవైపు వాళ్ళు. పోనీ మాటలు అర్థమవుతాయా అంటే అదీ లేదు. అవ్వను అడిగితే “ఏమో మ్మే, షేకులేమో” అంది. అంతే, నాకు వాళ్ళంటే ఒళ్ళు మంట. మాకు రాగిసంకటి పెట్టే దిక్కులేకుండా చేసి, మా అమ్మ చేత వండించుకుని తిని, పైగా పాటలు పాడుకుంటున్నారు, సిగ్గులేని వెధవలు! ఒకసారి గోరుతో ఆ నల్లద్దాలవాడి ముఖం గీకేశాను కూడా.

ఆఖరిసారి క్యాసెట్టు పంపినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. కోపంలో ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. అవ్వ వీపు మీద ఒక్కటి చరిచింది, అది మాత్రం గుర్తుంది. అది అందిన పదిరోజులకు అమ్మ వంటింట్లో పనిచేస్తూ చేస్తూ పడిపోయి, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. పెట్టె రావడానికి మూడు వారాలు పట్టింది. పెట్టెతో పాటు బట్టలొచ్చాయి, అమ్మ చెప్పులొచ్చాయి. క్యాసెట్టు రాలేదు.

నా పెళ్ళి చెడి ఊళ్ళో అందరి నోళ్ళలో నానుతున్నప్పుడు, చిన్నక్క కూతురైతే వీసా ఇస్తానని ముసలి మామా కబురు పెట్టింది. వచ్చిన మొదటివారమే క్యాసెట్టు గురించి అడిగాను. “అన్నీ ఆమెతోనే పంపాం. ఖలాస్” అంది. నేను కూడా ఖలాస్ అనుకున్నాను.

పోయిన చలికాలం ముసలి మామా కాలం చేసింది. పిల్లలు ఇల్లు అమ్మేశారు. నెలాఖరుకు ఖాళీ చేయాలి, నేను ఊరికి వెళ్ళిపోవాలి. సామాను కొట్టు ఖాళీ చేయడానికి దలాల్ వచ్చింది. ఆమెకిప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. చిన్నప్పుడు మా అమ్మ జడవేసిన పిల్ల, ఇప్పుడు ఆమెనూ నేను మామా అనే పిలుస్తాను. ఆమె బడిపుస్తకాలున్న అట్టపెట్టె విప్పుతూ ఉన్నట్టుండి కెవ్వుమని కేకవేసింది. తేలు కుట్టిందేమోనని చేతిలో చీపురు పారేసి పరుగెత్తాను.

“హాదా మాల్ అనా!” అంటోంది. ఇది నాది, నాది అని. చేతిలో క్యాసెట్టు. డబ్బా మీద ఇద్దరు మగాళ్ళు. ఒకడి ముఖం గీకి ఉంది.

అమ్మ గదిలో సామాను సర్దినవాళ్ళెవరో, ఇంగ్లీషు పాటల క్యాసెట్టు పనిమనిషిది ఎందుకవుతుంది అనుకుని, ఇంటిపిల్ల పెట్టెలో పడేసి ఉంటారు. ముప్పై ఏళ్ళకు పైగా అది మేడమీది కొట్టులోనే ఉంది. పన్నెండేళ్ళుగా నేను దాని కిందే ఉల్లిపాయలు తరుగుతూ ఉన్నాను.

దలాల్ రెండు పాటలు గట్టిగా పాడేసింది. నడుం కూడా ఊపింది. యుద్ధం తర్వాత ఇంట్లో ఎవరూ నవ్వని రోజుల్లో ఈ పాటలే తనను బతికించాయట. మా అమ్మాయికి చూపిస్తాను, ఇలాంటివి ఇప్పుడు గోడకు తగిలించుకుంటున్నారు అంటూ చేతిసంచిలో వేసుకుని జిప్పు లాగేసింది. ఆ ఇంట్లో ఒక వస్తువు నాది అని నేను ఎప్పుడూ అనలేదు. ఆమె ఇంకో పెట్టె విప్పింది, ఇంకోటి విప్పింది. మూడోదానికి నాకు రక్తం తలకెక్కింది.

“మామా, ఆ క్యాసెట్టు మీది కాదు” అన్నాను. “మీరు ఇచ్చేశారు. అది మా అమ్మది. అందులో మా అమ్మ మాట్లాడింది.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నా పని అయిపోయింది అనుకున్నాను. సంచి తెరిచి క్యాసెట్టు బయటికి తీసి, పైన ఎండిపోయిన ప్లాస్టరు ముక్క మీద వేలు పెట్టింది.

“నిజమే” అంది చివరికి. “నాకు వద్దు, నువ్వు తీసుకో అన్నాను. నిజంగానా, నిజంగానా అని చిన్నక్క రెండుసార్లు అడిగింది.” క్యాసెట్టు నా చేతిలో పెట్టి నా వేళ్ళు మూసింది. “తీసుకో. ఆ పాటలన్నీ నా ఫోనులో ఉన్నాయి.”

పాటలు ప్రపంచమంతా ఉన్నాయి. అమ్మ మాట్లాడిన వైపు మాత్రం ఇంకెక్కడా లేదు.

ఆ రాత్రి పెంచల్‌కు ఫోన్ చేసి చెప్తే వాడు నమ్మలేదు. నాకైనా అమ్మ ముఖం కొంత గుర్తుంది, వాడికి అదీ లేదు. “అక్కా, అమ్మ గొంతు ఉంటాదా అండ్ల?” అని పదిసార్లు అడిగాడు. ఉంటుందని ఎలా చెప్పను? ఆఖరున మాట్లాడి పంపింది మేమే. లెక్కప్రకారం అందులో ఉండాల్సింది మా గొంతులే. కానీ మా క్యాసెట్టు అందాక అమ్మ పదిరోజులు బతికింది. ఆ పదిరోజుల్లో జవాబు మొదలుపెట్టి ఉంటే? ఒక్క ముక్కైనా మాట్లాడి ఉంటే? “ఉంటే ఉంటాది, ల్యాకుంటే ల్యా. నువ్వు ఊరికే నా ప్రాణం తియ్యాకు” అని విసుక్కుని ఫోన్ పెట్టేశాను. పెట్టేసి ఏడ్చాను.

శుక్రవారం సెలవు పెట్టుకుని అల్ రాయ్ వెళ్ళాను. అక్కడ కార్లకు రేడియోలు బిగించే పెద్దిరాజు నాకు తెలుసు. అమలాపురం అవతలివాడు. ముసలి మామా కారు ఎప్పుడు చెడినా అతనే చూసేవాడు. దుకాణం మూసి ఉన్నా నాకోసం తానుండే రిగ్గై నుంచి వచ్చి షట్టరు సగం ఎత్తి కూర్చున్నాడు.

“ఏవండీ రమణిగారూ, ఇంత పాతకాలం సరుకు ఎక్కడ తవ్వితీశారండీ!” అంటూ క్యాసెట్టును వెలుతురుకెత్తి చూశాడు. “ప్యాడు ఊడిపోయిందండి. టేపు చూడండి, ఎలా అతుక్కుపోయిందో. ఎండల్లో ఉండిపోయింది కదండీ.”

“పాడతాదా లేదా చెప్పన్నా, పురాణం వద్దు.”

“ఆయ్, అదే చూద్దారండి. మీ కడపోళ్ళకి అంత కోపవేంటండీ బాబూ.”

వేరే క్యాసెట్టులోంచి స్పాంజి ముక్క తీసి అతికించాడు. మిషన్లో పెట్టి వెనక్కి తిప్పితే తెగిపోతుందని, పెన్సిలు దూర్చి చేత్తోనే ముప్పావుగంట తిప్పాడు. నేను గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. బల్ల మీద ఒక పాత కారు డెక్కుకు బ్యాటరీ తగిలించి క్యాసెట్టు లోపలికి తోశాడు. గరగర శబ్దం వచ్చింది, తర్వాత వాళ్ళు వచ్చేశారు, ఆ ఇద్దరూ! అమ్మ వైపు కాక పాటల వైపు పెట్టాడు. ఆఖరి పాట తోక. చిన్నప్పుడు నేను పళ్ళు కొరుకుతూ విన్న పాట. ఒకడు దిగులుగా పాడుతుంటే వెనక మిషన్లు టకటకా కొడుతున్నాయి. పెద్దిరాజు తల ఊపుతున్నాడు.

“బాగుందండి పాట.”

“నీ తలకాయ బాగుంది. తిరగేయన్నా!” అని అరిచాను.

అతను నా ముఖం చూసి తీసి తిరగేశాడు. “రెండు మూడుసార్ల కంటే ఎక్కువ తిప్పలేమండి. ఎప్పుడు తెగుద్దో చెప్పలేను. ముందు ఒకసారి వినండి, రెండోసారి ఫోనులోకి ఎక్కించేసుకోండి. నేను టీ పట్టుకొస్తాను” అని, మీట నొక్కి బయటికి వెళ్ళిపోయాడు. టీ కొట్టు పక్కనే ఉంది. అతను అరగంటకు గాని రాలేదు.

గరగర. ఎవరో దగ్గారు. తర్వాత ఒక ఆడమనిషి నవ్వింది.

నవ్వు! నేను ఏడుపుకు సిద్ధపడి కూర్చున్నాను, ఏ గొంతూ వినబడకపోవడానికీ సిద్ధపడ్డాను. నవ్వు వస్తుందని అనుకోలేదు. సన్నటి గొంతు, కొంచెం ముక్కుతో. నాకంటే చాలా చిన్న వయసు గొంతు. అమ్మకు అప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళని అప్పుడు గుర్తొచ్చింది.

“రమణీ... ఏమ్మే, ఎవురే ఆ ఇద్దురు మొగోళ్ళు? నీ మాట విని ఎంతసేపు నవ్వుకుంటినో, చిన్నమామాకు గుడక చెప్పినా. దలాల్ పాప గుడక పడీపడీ నవ్వె. వాండ్లు ఈ ఇంటోళ్ళు కాదే పిచ్చిదానా. వాండ్లు పాటలు పాడేటోళ్ళు. యాడనో ఇంగ్లీషోళ్ళ దేశంలో ఉండారంట. వాండ్ల ముఖం గుడక నేను చూసిండ్లా. వాండ్లకు నేనేల వండిపెడ్తా? ఈడ మామా ఉండాది, పిల్లోళ్ళు ఉండారు, అంతే. నీ మింద ఒట్టు. పెంచలుగాడు మాట్లాడింది విన్న్యా. నా బంగారుకొండ, ఎంత ముద్దుగా మాట్లాడ్తాండాడో. అమ్మా, నువ్వు వాని చెవులో నూనె పొయ్యాకు, చీము పడ్తాది, నేను చెప్పిండ్లా? రమణీ, నీ కోపం నాకు తెలుసు లే. రంజాన్ నెల అయిపోతానే వస్తా. మామాను అడిగినా, పోయిరా అనె. ఈ తూరి వస్తే మళ్ళా పోను. నువ్వు వద్దన్న్యా నీ పక్కల్నే పండుకుంటా...”

దూరంగా ఎవరో చిన్నక్కా అని కేకేశారు. ముసలి మామా. ఆ గొంతు నాకు బాగా తెలుసు, పన్నెండేళ్ళు నన్నూ అలాగే కేకేసింది.

“వస్తాండా మామా! ...ఉండు రమణీ, మామా పిలుస్తాంది. పొయ్యిమింద ఏమో మాడ్తాండాది. మళ్ళా వచ్చి మాట్లాడ్తా.”

టక్.

ఆ టక్ తర్వాత ఒక్క క్షణం కూడా ఖాళీ లేదు. వెంటనే ఇంకో గొంతు మొదలైంది. కీచుగొంతు, కోపంతో వణికిపోతున్న ఆడపిల్ల గొంతు. మేము పంపిన జవాబులో అమ్మ ఇంకా తుడవని భాగం.

“...ఆ ఇద్దురికే వండిపెట్టుకో పో! మాకు నువ్వొద్దు. నువ్వు రావాకు. ఎప్పుటికీ రావాకు!”

తర్వాత చప్పుమని దెబ్బ. “నోర్ముయ్ ముండా” అని అవ్వ. నేను ఏడుస్తున్నాను, బుడేన్‌బీ ఏదో సర్దిచెప్తోంది, కోళ్ళు అరుస్తున్నాయి. నేను చెయ్యి చాచి ఆపేశాను.

అమ్మ మళ్ళీ వచ్చి మాట్లాడి ఉంటే ఆ మాటలు తుడిచిపెట్టుకుపోయేవి. ఇంకో అరనిమిషం మాట్లాడినా చాలు, పోయేవి. ఆమె రాలేదు కాబట్టే అవి మిగిలాయి. ఆ బల్లమీద తల కొట్టుకుని ఎంత ఏడ్చానో నాకే తెలియదు. అమ్మా, రావే, వద్దని నేను ఊరికే అన్నానే, రావే అని, ఆ కారు రేడియోల మధ్య ఎనిమిదేళ్ళ పిల్లనైపోయి ఏడ్చాను. ఆమె నవ్వింది, కోపం తెచ్చుకోలేదు, నేను విన్నాను. ఆ నవ్వు వినగానే నా మీద నాకు ఇంకా అసహ్యం వేసింది.

పెద్దిరాజు టీ తెచ్చి పక్కన పెట్టి, పెన్సిలుతో మళ్ళీ మొదటికి తిప్పాడు. ఫోను స్పీకరు దగ్గర పెట్టి, పెంచల్‌కు పంపడానికి మైకు మీద వేలు నొక్కి పట్టుకున్నాను. అమ్మ నవ్వింది. ఇద్దరు మగాళ్ళ సంగతి చెప్పింది, పెంచలుగాడి చెవి సంగతి చెప్పింది, రంజాన్ తర్వాత వస్తానంది. మామా కేకేసింది. మళ్ళా వచ్చి మాట్లాడ్తా అంది. టక్ మనగానే వేలు తీసేశాను. రెండు నిమిషాల ఆరు సెకన్లు.

పావుగంటకు పెంచల్ నుంచి ఫోన్ వచ్చింది. వెనకాల పిల్లలు అదే పెట్టుకుని వింటున్నారు, అమ్మ నవ్వు మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది. ముప్పై ఐదేళ్ళ మనిషి, గడ్డం తెల్లబడుతోంది, వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్నాడు.

“అక్కా, నన్ను బంగారుకొండ అనిండాది, విన్న్యావా? నా పేరు చెప్పిండాదక్కా!”

“విన్న్యాను రా.”

“నాకు చీముచెవి అని ఆయమ్మకు యాద్ ఉండాది సూడు!” ముక్కు చీదుకున్నాడు. నవ్వాడు. “సరేగానీ అక్కా, మళ్ళా వచ్చి మాట్లాడ్తా అనిండాది గదా. ఆ తర్వాత్ది గుడక పంపు. దాన్నీ విందాం.”

నా వేలి కింద క్యాసెట్టు వెచ్చగా ఉంది. మా అమ్మకు నేను చెప్పిన ఆఖరి మాట రావద్దని. ఇంత ఏడ్చి ఇంత నవ్విన నా తమ్ముడికి అది ఎట్లా పంపను?

“అంతే ఉండాది రా” అన్నాను.

“బాగా సూడక్కా. వస్తా అనిండాదే.”

“సూసినా పెంచలా. అంతే ఉండాది.”